క్లౌ రాకముందే బయలుదేరినవారు

ఒక విదేశీయుడు పరాయి దేశంలో అడుగుపెట్టి అక్కడి అణగారిన జనం మధ్య జీవితకాలం పనిచేస్తే, ఆ చరిత్రను రెండు విధాలుగా రాయడం మనకు అలవాటైంది. మొదటి కథనంలో అతడు దిక్కులేనివారిని ఉద్ధరించిన మహనీయుడు. రెండో కథనంలో అమాయకులను ప్రలోభపెట్టి మతం మార్చిన పరాయివాడు. ఒకటి పొగడ్త, మరొకటి తెగడ్త. అయినా రెంటికీ పునాది ఒక్కటే: అన్నీ చేసినవాడు అతడే, జనం చేయించుకున్నవారు మాత్రమే. ఒంగోలు కేంద్రంగా సుమారు నాలుగు దశాబ్దాలు మాదిగల మధ్య పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ జీవితాన్ని కూడా ఇంతకాలం ఈ రెండు చట్రాల్లోనే చూశాం. ఆయన రాక వివరాలను పరిశీలిస్తే ఆ పునాది ఎంత బలహీనమైనదో తెలుస్తుంది.

క్లౌ 1836 జూలై 16న న్యూయార్క్ రాష్ట్రంలోని ఫ్రూస్‌బర్గ్ సమీపంలో పుట్టాడు. బతుకుతెరువు కోసం పడమటి రాష్ట్రాలకు తరలివెళ్లిన కుటుంబం అయోవాలో స్థిరపడింది. యువకుడిగా మిన్నెసోటాలో ప్రభుత్వ భూముల సర్వే బృందంలో పనిచేసి గొలుసుతో నేల కొలవడం నేర్చుకున్నాడు. న్యాయవాది కావాలనుకున్నాడు. కళాశాల రోజుల్లో మతవిశ్వాసం కలగడంతో దారి మార్చుకున్నాడు. 1864 నవంబరు చివర భార్య హారియెట్‌తో, పసికొడుకుతో కలిసి బోస్టన్ రేవులో ఒక చిన్న తెరచాప ఓడ ఎక్కాడు. అప్పటికి ఆయనకు 28 ఏళ్లు. బానిసత్వం ప్రశ్నపై ఆయన స్వదేశం అంతర్యుద్ధంలో ఉంది. నెలల తరబడి సముద్రంపై సాగిన ప్రయాణం ముగిసి 1865 ఏప్రిల్‌లో ఆయన నెల్లూరు చేరాడు. అక్కడ అంతర్యుద్ధం ముగింపుకు వచ్చింది కూడా ఆ నెలలోనే. పుట్టుక పేరుతో మనిషిని కట్టిపడేసే వ్యవస్థ ఒకటి కూలుతుండగా, అలాంటిదే మరొకటి వేళ్లూనుకున్న నేలపై ఆయన కాలుపెట్టాడు.

ఆయన చేరిన మిషన్ పరిస్థితి ఆశాజనకంగా లేదు. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో నెలకొల్పిన ఆ కేంద్రంలో పాతికేళ్లు గడిచినా చేరినవారు కొద్దిమందే. దాన్ని మూసివేయాలన్న ప్రతిపాదన అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చకు వచ్చింది. పట్టుబట్టి దాన్ని నిలబెట్టినవాడు లైమన్ జ్యూయెట్. క్లౌ ఆయన దగ్గర పని నేర్చుకున్నాడు, తెలుగు నేర్చుకున్నాడు. 1866 సెప్టెంబరులో ఒంగోలుకు మకాం మార్చాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది.

ఆనాటి మిషనరీలలో చాలామందికి ఒక సిద్ధాంతం ఉండేది. సమాజపు పై అంచున ఉన్నవారిని విద్య ద్వారా ఆకర్షిస్తే, మార్పు మెల్లమెల్లగా కిందికి దిగుతుందని వారి నమ్మకం. కంపెనీ పాలకుల విద్యావిధానానిదీ ఇదే తర్కం. ఒంగోలులోనూ పని అలాగే మొదలైంది. పట్టణంలోని అగ్రకుల పెద్దలు తమ పిల్లలకు బడి కావాలన్నారు, క్లౌ సంతోషంగా ఒప్పుకున్నాడు. పైనుంచి కిందికి అన్న ఆ నమూనాలో మాదిగపల్లెకు వంతు వచ్చేది అన్నిటికన్నా చివరనే. అయితే మాదిగపల్లె తన వంతు కోసం కాచుకొని కూర్చోలేదు.

యర్రగుంట్ల పేరయ్య ఒంగోలుకు పడమట సుమారు నలభై మైళ్ల దూరంలోని తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ. తోళ్ల వ్యాపారం చేస్తూ ఉత్తరాన కృష్ణా, గోదావరి ప్రాంతాల దాకా తిరిగినవాడు. అంతకుమించి ఆయన రాజయోగ సాధకుడు, శిష్యులున్న గురువు. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషన్‌బుష్ క్లౌ 1899లో మాదిగల గురించి ప్రచురించిన గ్రంథం ఈ నేపథ్యాన్ని వివరంగా నమోదు చేసింది. రాజయోగ గురువుల బోధ, పోతులూరి వీరబ్రహ్మం పరంపర, నాసరయ్య భక్తబృందాలు అప్పటికే మాదిగపల్లెల్లో విగ్రహారాధనను, కులభేదాన్ని ప్రశ్నించే మాటను నాటాయి. కొత్త మతం గురించి పేరయ్య ముందుగా విన్నది క్లౌ నోట కాదు. తన వ్యాపార ప్రయాణాల్లో, బంధువుల ద్వారా విన్నాడు. తానే వెతుక్కుంటూ వచ్చి, క్లౌ ఒంగోలులో స్థిరపడకముందే 1866లో జ్యూయెట్ చేత బాప్తిస్మం తీసుకున్నాడు. తిరిగి వెళ్లి ఊరూరా చెప్పాడు. ఆ తర్వాతే క్లౌకు కబురు పంపాడు.

1867 జనవరిలో క్లౌ తాళ్లకొండపాడు వెళ్లేసరికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి మాదిగ స్త్రీపురుషులు కొన్ని రోజులకు సరిపడా తిండి మూటగట్టుకొని వచ్చి ఉన్నారు. ఏమి అడగాలో, ఏమి తేల్చుకోవాలో వారికి ముందే తెలుసు. ఆ విడతలో 28 మంది బాప్తిస్మం పొందారు. అప్పటికి క్లౌ వచ్చి రెండేళ్లు కూడా నిండలేదు. ఆయన భాష ఇంకా తడబడుతూనే ఉంది. ఆ 28 మందిని అక్కడికి చేర్చింది పేరయ్య నడిచిన దారులే.

ఈ వార్త ఒంగోలు చేరగానే అసలు పరీక్ష ఎదురైంది. మాదిగలను చేర్చుకుంటే తమ పిల్లలను బడికి పంపబోమని అగ్రకుల పెద్దలు తేల్చిచెప్పారు. ఒకవైపు పలుకుబడి, ధనసహాయం, ప్రతిష్ఠాత్మకమైన బడి. మరోవైపు ఊరికి వెలుపల ఉంచబడిన జనం. క్లౌ దంపతులు ఎటూ తేల్చుకోలేక మథనపడ్డారు. వేర్వేరు గదుల్లో విడివిడిగా బైబిలు తెరిచిన భార్యాభర్తలిద్దరికీ, లోకం నీచంగా చూసేవారినే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే కొరింథీ పత్రికలోని ఒకే భాగం కనిపించిందని క్లౌ తర్వాతి కాలంలో గుర్తుచేసుకున్నాడు. విశ్వాసులు దాన్ని దైవసంకేతం అంటారు. సామాజిక చరిత్ర విద్యార్థి గమనించవలసింది మరొకటి ఉంది. క్లౌ ముందు ఆ ప్రశ్నను నిలబెట్టింది మాదిగలే. వారు వచ్చి తలుపు తట్టకపోతే ఆయన ఎంచుకోవలసిన అవసరమే వచ్చేది కాదు. అగ్రకుల విద్యార్థులు వెళ్లిపోయారు. ఓడ దిగిన రోజు కన్నా, ఆ బడి ఖాళీ అయిన రోజే క్లౌ నిజంగా ఈ దేశానికి వచ్చినట్టు.

ఆ తర్వాత పల్లెల్లో జరిగింది మతచర్చ కాదు, శ్రమపై అధికారం కోసం పోరు. చచ్చిన గొడ్డు మాంసం తినబోమని, ఊరి జాతరల్లో డప్పు కొట్టబోమని, ఆదివారం పనికి రాబోమని మాదిగలు నిలబడ్డారు. వెట్టిపై నిలిచిన ఊరి వ్యవస్థకు అది పెద్ద కుదుపు. కరణాలు, మునసబులు, భూస్వాములు ఊరుకోలేదు. కూలి ఆపారు, నీళ్లు ఆపారు, దొంగకేసులు పెట్టారు. క్లౌ అధికారుల దగ్గరకు వెళ్లి ఫిర్యాదు చేయగలిగాడు. దెబ్బలు తిన్నది మాత్రం పల్లెల్లోని మాదిగలే. ఆదివారం విశ్రాంతి అన్న చిన్న నియమం, తన దేహశ్రమపై తనకే హక్కు ఉందన్న పెద్ద ప్రకటనగా మారింది.

1876–78 మహాక్షామం క్లౌకు రెండో పరీక్ష. బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకాన్ని ఆయన కాంట్రాక్టుకు తీసుకున్నాడు. మిన్నెసోటాలో నేర్చిన సర్వే విద్య అక్కడ అక్కరకొచ్చింది. మాదిగ బోధకులే పర్యవేక్షకులయ్యారు. వేలాదిమంది కూలి దొరికి బతికారు. గింజల కోసం మతం మారారన్న ఆరోపణ పుట్టింది ఈ ఘట్టం నుంచే. కానీ కరవు సహాయం సాగినంతకాలం, సుమారు పదిహేను నెలలు, క్లౌ బాప్తిస్మాలు పూర్తిగా నిలిపివేశాడు. ఇక ఇచ్చే డబ్బేమీ లేదని చాటిన తర్వాతే, 1878 జూన్ మధ్యలో తిరిగి మొదలుపెట్టాడు. జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో నిలబడి ఆ కార్యం నిర్వహించింది ఆరుగురు స్థానిక బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా. క్లౌ గట్టున ఉండి పర్యవేక్షించాడు. ఆరు వారాల్లో ఆ సంఖ్య 8,691కి చేరింది. గంజి కోసమే వచ్చినవారైతే గంజి ఆగిపోయాక రావలసిన పని లేదు.

ఇదంతా నిర్దోషమైన చరిత్ర అని చెప్పడం లేదు. సంఘాలు పల్లెలవారీగా, కులంవారీగా ఎదిగాయి. ఒంగోలు బాప్టిస్టులు ప్రధానంగా మాదిగల సంఘమైతే, గుంటూరు లూథరన్లలో మాలల ప్రాబల్యం పెరిగింది. పాలెం నుంచి పాలెంకు బంధుత్వాల వెంట పాకిన ఉద్యమం, బంధుత్వాల హద్దులను కూడా తనతో మోసుకెళ్లింది. కులాన్ని ఎదిరించడానికి వచ్చినవారు కులంగానే వచ్చారు. క్లౌ ఆ సామాజిక నిర్మాణాన్ని వాడుకున్నాడే తప్ప పగలగొట్టలేదు. 1910 నవంబరులో అమెరికాలోని రోచెస్టర్‌లో ఆయన మరణించేనాటికి వెనుక వేలాది సభ్యులు, బడులు మిగిలాయి. తెగని కులప్రశ్న కూడా మిగిలింది.

ఆ ప్రశ్నే నేటికీ మన ముందుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు తలుపు తెరిచింది. క్రైస్తవ దళితులకు మాత్రం తెరవలేదు. తెలుగు రాష్ట్రాల్లో వారు బీసీ–సి జాబితాలో ఉన్నారు. గుండ్లకమ్మలో దిగినవారి మునిమనవలు కాగితంపై ఒక మతం, ఇంట్లో మరో మతం పాటించవలసి రావడం వెనుక ఉన్నది ఈ ఉత్తర్వే. మతం మారగానే కులం తొలగిపోతుందన్న ఊహపై అది నిలబడింది. 1985లో కారంచేడులో మాదిగలపై దాడి చేసినవారు ఎవరి మతమేమిటని అడగలేదు.

మాదిగ దండోరా 1994లో పుట్టిన ఈదుమూడి కూడా అదే ప్రకాశం జిల్లాలో ఉండటాన్ని కేవలం యాదృచ్ఛికం అనుకోలేం. అడిగి తెచ్చుకోవడం, నిరాకరించడం, గుంపుగా నడిచి వెళ్లడం ఆ పల్లెలు తాళ్లకొండపాడు నాటికే నేర్చుకున్న విద్యలు. క్లౌ పేరిట ఒంగోలులో ఆసుపత్రి నిలిచింది. ఆయనను తాళ్లకొండపాడుకు రప్పించిన పేరయ్యకు మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క పేరా కూడా లేదు. మతమార్పిడిపై నేడు వాదించేవారు ఏ పక్షంవారైనా సరే, ఎవరు మార్చారని అడగడం మాని, ఎవరు ఎందుకు బయలుదేరారని అడిగినప్పుడే ఆ లోటు తీరడం మొదలవుతుంది.