పక్కవాద్యాన్ని వేదిక మధ్యకు తెచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడు

కర్ణాటక సంగీత కచేరీలో గాయకుడు వేదిక మధ్యన, వాయులీన విద్వాంసుడు పక్కన ఆసీనులవుతారు. ఏ కృతి పాడాలో, ఏ రాగాన్ని ఎంతసేపు విస్తరించాలో నిర్ణయించేది గాయకుడే. ఆయన శ్రుతికి తగినట్లు తంతులను సవరించుకొని, ఆలాపనను నీడవలె అనుసరించి, తన వంతు వచ్చినప్పుడు క్లుప్తంగా వినిపించి విరమించడం పక్కవాద్యకారుని ధర్మం. ఆ ధర్మానికి లోటు రానీయకుండానే వాయులీనాన్ని ప్రధాన వాద్యంగా నిలబెట్టిన తెలుగు విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు.

ఆయన 1893 నవంబరు 8న, దీపావళి పర్వదినాన బెంగళూరులో జన్మించారు. తండ్రి సైనికోద్యోగి. అనంతరం కుటుంబం విశాఖపట్నంలో స్థిరపడింది. చిన్నతనం నుండి చూపు మందగించడం వలన పాఠశాల చదువు సాఫీగా సాగలేదు. అన్నగారి వద్ద వాయులీనం అభ్యసించారు. కంటికి అందనిదాన్ని చెవితో పట్టుకోవలసి రావడమే ఆయన నాదశుద్ధికి దోహదం చేసిందని భావించవచ్చు.

1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల ప్రారంభమైంది. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి తొలి ప్రిన్సిపాల్. విద్యార్థిగా చేరగోరి వచ్చిన నాయుడుగారి వాదనం విన్న పిమ్మట, ఆయనను ఆచార్యునిగానే నియమించారని ప్రతీతి. అప్పటికి ఆయన వయస్సు 26 ఏళ్ళు. బడిచదువు కలిసిరాని యువకునికి ఇంతటి పదవి దక్కడం ఆనాటి సంస్థానం విద్వత్తుకు ఇచ్చిన విలువకు నిదర్శనం. నారాయణదాసు అనంతరం 1936లో నాయుడుగారే ప్రిన్సిపాల్ బాధ్యతలు చేపట్టారు. ఘంటసాల వెంకటేశ్వరరావు, తరువాతి కాలంలో పి.సుశీల ఈ కళాశాలలోనే సంగీతం అభ్యసించారు.

వాయులీనం పడమటి దేశాల నుండి వచ్చిన వాద్యం. 19వ శతాబ్ది ఆరంభంలో ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు దానిని కర్ణాటక సంగీతానికి అనువుగా మలిచారు. నాటి నుండి అది ప్రధానంగా గాత్రానికి తోడుగానే కొనసాగింది. నాయుడుగారు పాశ్చాత్య వాయులీన సంగీతాన్ని సైతం శ్రద్ధతో ఆలకించి, కమాను నడకలోని నిండుదనాన్ని గ్రహించారు. అయితే గమకాలలోను, రాగభావంలోను మన సంప్రదాయాన్ని వీడలేదు. పాట లేకున్నా సాహిత్యం వినిపిస్తున్నట్లే ఉండే వాదనం ఆయనది. 1938లో వేలూరులో ఆయన సోలో కచేరీ చేశారు. గాయకుడు లేని వేదికపై కచేరీ భారమంతా నాలుగు తంతులపైనే మోపడం ఆనాడు సాహసమే. గాయకుల ప్రక్కన వాయించడాన్ని ఆయన చిన్నతనంగా ఎన్నడూ ఎంచలేదు.

1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదుతోను, 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారంతోను, 1957లో భారత ప్రభుత్వం పద్మశ్రీతోను ఆయనను గౌరవించాయి. కుమార్తె ద్వారం మంగతాయారు వాయులీన విదుషీమణిగా ఆయన బాణీని కొనసాగించారు. నాయుడుగారు 1964 నవంబరు 25న కన్నుమూశారు. శతజయంతి సందర్భంగా 1993లో తపాలా శాఖ ఆయన స్మారక బిళ్ళను విడుదల చేసింది.