ఎల్లాప్రగడ సుబ్బారావు

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మద్రాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించిన నేరానికి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, తక్కువస్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసివచ్చింది. విద్వత్తును వస్త్రంతో తూచిన కాలమది!

హార్వర్డ్ చేరిన సుబ్బారావు పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రివేళ చిన్నపనులు చేశారు. సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కనుగొన్నారు. ఏటీపీని జర్మనీలో లోమన్ కూడా అదే ఏడు గుర్తించాడు. జీవకణానికి ఏటీపీ చేతిలోని రొక్కమైతే, ఫాస్ఫోక్రియాటిన్ దానిని వెంటనే పూరించే నిల్వ.

మెదడులో ఈ నిల్వ స్వల్పం. శరీరపు బరువులో 2 శాతమే అయినా, విశ్రాంతివేళ అది 20 శాతం ప్రాణవాయువును వినియోగిస్తుంది. గుండె ఆగిన కొద్ది నిమిషాలకే రెండూ అడుగంటుతాయి. జ్ఞాపకాలను కూర్చే హిప్పోకాంపస్ ఈ లోటును బొత్తిగా తాళలేదు. గుండె తిరిగి కొట్టుకొన్నా, అందలి కణాలు కొన్ని రెండుమూడు రోజుల తరువాత నశిస్తాయి. ప్రాణం దక్కినవారిలో కొందరు నిన్నటి మాట మరవడానికి, కొత్త పాఠం పట్టుబడకపోవడానికి ఇదొక ముఖ్యకారణం. అందుకే తక్షణమే ఛాతీని నొక్కి రక్తప్రసరణ సాగించడం, పిదప జ్వరం రానీయకపోవడం నేటి చికిత్సలో ప్రధానం.

ఛాతీని నొక్కే పద్ధతి 1960లో గాని వైద్యలోకానికి పరిచయం కాలేదు. సుబ్బారావు 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే, అమెరికాలో గుండెపోటుతో కన్నుమూశారు.