రక్తబలానికి ఔషధం కూర్చిన మహనీయుడు – యల్లాప్రగడ సుబ్బారావు

గుంటూరు, ప్రకాశం మండలాల మెట్టభూములలో పత్తి తీసే చేతులు, మిరప కల్లాలలో తొడిమలు తీసే చేతులు అధికభాగం స్త్రీలవే. వారిలో ఎవరైనా గర్భవతియై ఆసుపత్రికి వెళ్ళినచో మొదట జరిగేది రక్తపరీక్ష. రక్తం ఎనిమిది పాయింట్లే ఉన్నదని ఇంటికి వచ్చి చెప్పుకోవడం మన ప్రాంతంలో పరిపాటి. ఆ పాయింట్లు దేహంలోని రక్తపు పరిమాణం కాదు; నూరు మిల్లీలీటర్ల రక్తంలో హీమోగ్లోబిన్ అనే మాంసకృత్తు ఎన్ని గ్రాములున్నదో తెలిపే లెక్క. గర్భిణికి అది 11 గ్రాములకు తగ్గినచో రక్తహీనతగా పరిగణిస్తారు. ఆ లోపాన్ని తీర్చే ఔషధాలలో ఒకదానిని లోకానికి అందించిన బృందానికి నాయకుడు మన తెలుగువాడు కావడం విశేషం.

హీమోగ్లోబిన్ అనే పేరును 1864లో జర్మను శాస్త్రజ్ఞుడు హోప్-సైలర్ పెట్టాడు. గ్రీకు భాషలో రక్తానికీ, లాటిను భాషలో గోళానికీ గల మాటలు ఇందులో కలిసినవి. హీమ్ అనే భాగంలో ఇనుము ఉంటుంది. గ్లోబిన్ అనేది మాంసకృత్తు. ఊపిరితిత్తులలో ప్రాణవాయువును గ్రహించి దేహమంతటికీ చేర్చేది ఇదే. ఇది ఎర్రకణాలలో నివసిస్తుంది. ఒక్కొక్క కణం ఆయువు సుమారు 120 దినములు. కనుక ఎముకల మజ్జలో క్రొత్త కణాలు నిత్యం పుట్టవలసిందే. ఇనుము కొరవడినా, కణవిభజనకు అవసరమైన ఫోలిక్ ఆమ్లం కొరవడినా ఆ ఉత్పత్తి కుంటుపడుతుంది.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. మెట్రిక్యులేషన్‌లో రెండుసార్లు తప్పి, మూడవ ప్రయత్నంలో మదరాసు హిందూ హైస్కూలు నుండి ఉత్తీర్ణులయ్యారు. మదరాసు వైద్యకళాశాలలో చదివే రోజులలో గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహానికి గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. అంతకంటె ఘోరమైన దెబ్బ ఇంట తగిలింది. సోదరులిద్దరు స్ప్రూ అనే జీర్ణవ్యాధితో మరణించారు. అదే వ్యాధి తమను కూడ పట్టగా ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు.

1920 దశకపు తొలినాళ్ళలో, మామగారి తోడ్పాటుతోను, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మనిధి సహాయంతోను అమెరికా చేరారు. బోస్టనులో రాత్రివేళ ఆసుపత్రిలో చిన్నపనులు చేస్తూ హార్వర్డులో చదివారు. ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. కండరాల శక్తికి మూలమైన ఫాస్ఫోక్రియేటిన్, ఎ.టి.పి.ల పరిశోధనలో కూడ వారిది ముఖ్యపాత్ర. అయినను హార్వర్డులో శాశ్వత స్థానం లభించలేదు. 1940లో లెడర్లీ ఔషధ సంస్థ పరిశోధనాలయంలో చేరారు.

అప్పటికే బొంబాయిలో పేద గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించిన లూసీ విల్స్ అనే వైద్యురాలు, ఈస్టు సారంతో అది నయమగునని 1931లో వెల్లడించారు. అందలి గుణకారి పదార్థమేదో తెలియలేదు. 1941లో పాలకూర ఆకుల నుండి తీసిన పదార్థానికి, లాటినులో ఆకు అనే మాటను బట్టి, ఫోలిక్ ఆమ్లమని పేరు వచ్చింది. సుబ్బారావు గారి బృందం 1945లో దానిని ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది గుణమిచ్చింది. సోదరులను బలిగొన్న వ్యాధికి మందు చేకూరింది. కాని వారికి అది అందే వేళ ఏనాడో దాటిపోయింది.

ఫోలిక్ ఆమ్లానికి విరోధిగా వారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో, బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తకాన్సరుతో బాధపడే బాలలకు తాత్కాలిక ఉపశమనం కలిగించి 1948లో ప్రకటించాడు. బోదకాలు నివారణకు వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్ కూడ వారి నాయకత్వంలో వెలువడినవే. 1948 ఆగస్టులో, 53వ ఏట, నిద్రలోనే కన్నుమూశారు. విదేశానికి వెళ్ళిన పిదప మాతృభూమిని మరల చూడలేదు. 1995లో శతజయంతి సందర్భంగా భారత ప్రభుత్వం తపాలాబిళ్ళ విడుదల చేసింది.

నేడు మన గ్రామాలలో గర్భిణులకు ఉచితంగా ఇచ్చే మాత్రలో ఇనుముతోపాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం ఉన్నది. ఆ మాత్ర వికారం కలిగిస్తుందని, మలం నల్లబడుతుందని భయపడి మూలన పడవేసే ఇండ్లు లేకపోలేదు. మలం నల్లబడుట ఇనుము వలన కలిగే మార్పే గాని కీడు కాదు. వికారమైనచో భోజనానంతరం, లేదా రాత్రి పడుకునే ముందు వేసుకొనవచ్చును. చదువుకున్న విద్యార్థినీ విద్యార్థులు తమ ఇంటి స్త్రీలకు, పొలాలలో పనిచేసే అక్కచెల్లెండ్రకు ఈ సంగతి ఓర్పుతో వివరించినచో, ఆ మహనీయుని కృషి మన పల్లెలలో ఫలించినట్లగును.