కంటిలో చిరుగును వెతికిన డాక్టరు

ముదిరేకొద్దీ తాటిముంజె గట్టిపడుతుంది. మన కంటిలో ఉండే విట్రియస్ అనే జెల్లీ సంగతి దీనికి తలకిందులు. వయసు పైబడేకొద్దీ అది పలచబడి నీరవుతుంది. సుమారు 4 మిల్లీలీటర్లుండే ఆ జెల్లీ, యాభై దాటాక చాలామందిలో వెనకనున్న రెటీనా పొర నుంచి విడిపోతుంది. తాతయ్య కళ్లముందు దోమలున్నాయని చేత్తో తోలుతుంటే మనం నవ్వుతాం. ఆ దోమలు జెల్లీలోని పోగుల నీడలే! ఎక్కువమందికి ప్రమాదమేమీ ఉండదు. కొందరిలో మాత్రం జెల్లీ రెటీనాను గట్టిగా పట్టుకొని, విడిపోతూ దాన్ని చింపేస్తుంది. ఆ చిరుగులోంచి నీరు వెనక్కి చేరి, గోడ మీది సున్నం పెచ్చులా రెటీనా ఊడివస్తుంది.

ఈ చిరుగు మీదే పట్టుబట్టి కూర్చున్న వైద్యుడు జూల్ గోనిన్. 1870లో స్విట్జర్లాండులోని లోజాన్‌లో పుట్టారు. అక్కడే మార్క్ దుఫూర్ అనే పేరున్న కంటి డాక్టరు దగ్గర పని నేర్చుకున్నారు. ఆ రోజుల్లో రెటీనా ఊడిందంటే ఇక చీకటే. రోగిని వారాల తరబడి కదలకుండా పడుకోబెట్టేవారు, చూపు తిరిగొచ్చినవాళ్లు బహు అరుదు. చిరుగులను అంతకుముందు కొందరు చూడకపోలేదు. కాని జబ్బుకు మూలం అదేనని, దాన్ని మూస్తే చూపు నిలుస్తుందని గోనిన్ గట్టిగా నమ్మారు. జబ్బుపడిన కళ్లను సూక్ష్మదర్శిని కింద పరీక్షించి ఈ మాటకు వచ్చారు.

మరి, కంటి లోపలి చిరుగును బయటినుంచి మూసేదెలా? ముందు ఆఫ్తాల్మోస్కోపుతో ఓపిగ్గా వెతికి, చిరుగు ఎక్కడుందో బొమ్మ గీసుకునేవారు. అది తెల్లగుడ్డు మీద సరిగ్గా ఏ చోటికి వస్తుందో లెక్కగట్టేవారు. అక్కడ గాటుపెట్టి, లోపల చేరిన నీటిని వదిలి, ఎర్రగా కాలిన మొనతో చురక పెట్టేవారు. ఆ మచ్చ మానుతూ రెటీనాను అతికిస్తుంది. లెక్క కొద్దిగా తప్పినా ఫలితం లేదు. మన రేఖాగణితం ఇక్కడ కూడా పనికొచ్చింది చూడండి!

తోటి డాక్టర్లు వెంటనే ఒప్పుకోలేదు. ఏళ్లపాటు సందేహాలే. చివరికి 1929లో ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన అంతర్జాతీయ కంటి వైద్యుల మహాసభతో ఆయన పద్ధతి నిలబడింది. ఇప్పుడు చురకకు బదులు లేజరు, మంచు చికిత్స వచ్చాయి. వెతికేది మాత్రం ఆ చిరుగునే.

బదిలీల బతుకుల్లో మనం తాతయ్యలను సెలవుల్లోనే చూస్తాం. ఫోనులో మాట్లాడేటప్పుడు వాళ్లు ఒక్కసారిగా దోమలు ఎక్కువయ్యాయనో, మెరుపులు మెరుస్తున్నాయనో, పక్కనుంచి తెర కమ్ముతోందనో అంటే, ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లమని చెప్పాలి.

గోనిన్ తన అనుభవమంతా 1934లో పుస్తకంగా తెచ్చి, మరుసటి ఏడాదే కన్నుమూశారు. 1971లో స్విట్జర్లాండు ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వేసింది.