కథలు కల్పించిన మహాకవి పింగళి సూరన

ఆంధ్ర వాఙ్మయమున కవులు పెక్కురు కలరు. వారిలో పురాణకథలను తెనిగించి కీర్తి గాంచినవారే అధికులు. కథను తానే కల్పించి, దానిని మహాకావ్యముగా నిలిపిన ఘనుడు పింగళి సూరన. అద్భుతకథలు వ్రాయవలెనను కోరిక గల బాలబాలికలు మా తరగతులలో ఏటేట కనబడుచున్నారు. వారికి ఈ కవికంటె మంచి గురువు లేడని తలచి, ఆయన చరిత్రమును ఇచ్చట సంగ్రహముగా చెప్పుచున్నాము.

సూరన 16వ శతాబ్దమునకు చెందినవాడు. తండ్రి అమరనామాత్యుడు, తల్లి అబ్బమాంబ. పింగళివారి పూర్వులలో ఒకరు పేకి యను దయ్యమును ఇంటి దాసిగా చేసికొనిరని ఆ వంశమున ఒక ప్రతీతి కలదు. ఇట్టి కథలు వినుచు పెరిగిన బాలునకు అద్భుతము పరాయిది కాదు గదా! నంద్యాల ప్రభువగు కృష్ణమరాజు ఆయనను ఆదరించెను. ఆ ప్రభువునకే సూరన తన కళాపూర్ణోదయమును అంకితమొసగెను.

ఆయన కావ్యములలో మూడు మనకు దక్కినవి. రాఘవపాండవీయమున ఒకే పద్యము రామాయణార్థమును, భారతార్థమును కూడ ఇచ్చును. ప్రభావతీప్రద్యుమ్నమును తండ్రికి అంకితము చేసెను. దీని కథ హరివంశములోనిది. వజ్రనాభుని నగరములోనికి అన్యులు పోజాలరు. ప్రద్యుమ్నాదులు నటుల వేషమున అందు ప్రవేశింతురు. శుచిముఖి యను హంస ప్రభావతికిని ప్రద్యుమ్నునకును నడుమ రాయబారము నడపును. పాతకథను ఎన్నుకొన్నను, దానిని నాటకమువలె నడపిన నేర్పు సూరనది.

ఎనిమిది ఆశ్వాసముల కళాపూర్ణోదయము వీనికి మిన్న. ద్వారకలో ఉయ్యాల లూగుచున్న కలభాషిణితో కథ మొదలగును. మింటిపై రంభయు నలకూబరుడును విమానమున పోవుదురు. నారదుడు తన శిష్యుడగు మణికంధరునితో వచ్చును. రంభ గర్వము నుండి చిక్కు లన్నియు పుట్టును. కలభాషిణి నారదుని అనుగ్రహమున కోరిన రూపము ధరింపగల శక్తిని పొందును. ఒకచోట ఇద్దరు రంభలు ఒక నలకూబరునికై వాదులాడుదురు. రంభలలో ఒకతె కలభాషిణి. ఆ నలకూబరుడో, వేషము దాల్చిన మణికంధరుడు! చదువరికి నవ్వు వచ్చును, భయమును కలుగును. కథాంతమున మణికంధరుడే కళాపూర్ణుడుగను, కలభాషిణి మధురలాలసగను మరల జన్మించిరని తెలియును. బ్రహ్మ సరస్వతికి వినోదమునకై చెప్పిన కథయే భూలోకమున నిజముగా జరుగుట ఇందలి పెద్ద విశేషము.

ఈ కావ్యమునుండి నేర్వదగినవి మూడు. మొదటిది: మాయకు కారణముండవలెను. సూరన కథలో ప్రతి వరమునకును, ప్రతి శాపమునకును ఒక హేతువును, ఒక ఫలమును కలవు. కథకు ఇబ్బంది కలిగినప్పుడెల్ల మంత్రదండము త్రిప్పినచో చదువరి నమ్మడు. రెండవది: ముడి వేసినవాడే ముడి విప్పవలెను. మొదటి ఆశ్వాసమున నాటిన విత్తు చివరి ఆశ్వాసములలో మొలకెత్తును. మూడవది: దేవతలు పాత్రలైనను వారి అసూయ, ఆశ, సిగ్గు మానవులవే.

ఇప్పుడు మా విద్యార్థులు కొందరు పడమటి దేశముల అద్భుత నవలలను చదువుచున్నారు. వానిలో అనేకములకు ఐర్లండు, వేల్సు దేశములలోని కెల్టు జాతుల కథలు మూలము. వాని ననుసరించి వ్రాయుట తప్పు కాదు. కాని పేర్లు మాత్రము తెచ్చుకొన్న చాలదు, కథ ఆసాంతము చదువవలెను. ఐరిషు వీరుడు ఒసీను యౌవనలోకమున కొంతకాలము గడపి మరలి వచ్చునప్పటికి మూడువందల ఏండ్లు గడచియుండెను. నేల తాకగానే ముదుసలియయ్యెను. మన భాగవతమున కకుద్మి తన కూతురగు రేవతితో బ్రహ్మలోకమునకు పోయి వచ్చునంతలో యుగములు మారెను. రెండు కథలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో, కాలము చేయు మాయ ఎల్లవారికిని ఒక్కటే యని తెలియును.

ఆ కథలు నిలిచిన విధమును తల్లిదండ్రులు గమనింపవలెను. నోటి కథలను మధ్యయుగములలో ఐర్లండు మఠవాసులు వ్రాసి ఉంచిరి. వేల్సు కథలను 19వ శతాబ్దమున షార్లెట్ గెస్టు ఆంగ్లమున ప్రకటించెను. ఇంగ్లీషు ఒత్తిడివలన ఆ దేశభాషలు మిక్కిలి క్షీణించినను, వ్రాతకెక్కిన కథలు చెడలేదు. వ్రాతప్రతి నశించినచో ఎంత గొప్ప కవి రచనయైనను మనకు దక్కదు. సూరన గరుడపురాణమే ఇందుకు సాక్ష్యము. అది నేడు లభించుట లేదు. కళాపూర్ణోదయము మాత్రము నిలిచినందుననే, చిత్తూరు ప్రాంతపు కట్టమంచి రామలింగారెడ్డిగారు కవిత్వతత్త్వ విచారమున దానిని విమర్శించి దాని గొప్పతనమును చాటగలిగిరి. 2002లో వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షూల్మన్ గార్ల ఆంగ్లానువాదము వెలువడి, ఆ కావ్యము లోకమునకు తెలిసెను.

మన రాయకోట ప్రాంతమున ఇంట తెలుగు, వీధిలో తమిళము, హోసూరు వైపు కన్నడము వినబడును. 2006నాటి చట్టమునుబట్టి మన పిల్లలు తమిళము నేర్వవలసియున్నది, నేర్చుట మేలే. కాని పరీక్షల తొందరలో ఇంటి తెలుగు మూలబడుచున్నది. అవ్వలు చెప్పు కథలు ఏ పుస్తకమునను లేవు. కావున విద్యార్థులారా, ఈ సెలవులలో మీ అవ్వ నడిగి ఒక్క కథ వినుడు. ఆమె పలికిన మాటలతోనే దానిని నోటుపుస్తకమున వ్రాయుడు. పిదప మీ కల్పన చేర్పుడు. తల్లిదండ్రులు ఒక సాయంకాలము ఆ పనికి విడువగోరుచున్నాము.