సోయిచిరో హోండా చరిత్రము

మన మల్యాలకు చేరువనున్న కొండగట్టు ఆంజనేయస్వామి సన్నిధికి క్రొత్త బండ్లను దెచ్చి పూజ చేయించుట ఈ ప్రాంతపు ఆచారము. 1985వ సంవత్సరము మొదలుకొని పాతికయేండ్లపాటు అట్లు పసుపు కుంకుమలు పూయించుకొనిన మోటారు సైకిళ్లలో అనేకముల టాంకులపై హీరో హోండా యను పేరుండెడిది. 2010వ సంవత్సరాంతమున ఆ రెండు కంపెనీలును విడిపోవ నిశ్చయించుకొనినను, ఆ పేరుగల పాత బండ్లు జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల త్రోవలలో నేటికిని కానవచ్చుచునే యున్నవి. అందు మొదటి మాట లుధియానాకు చెందిన సైకిళ్ల కంపెనీది. రెండవది జపాను దేశపు మనుష్యు డొకని యింటిపేరు. ఆతడు పందెపు బండి నడపి చావు తప్పించుకొనినవా డనియు, తుదివరకు పందెముల మోజు వీడనివా డనియు మనలో నెరిగినవారు కొలదిమందియే. ఆ భాగమునే విశేషించి యిందు వ్రాయుచున్నాను.

సోయిచిరో హోండా 1906వ సంవత్సరము నవంబరు 17వ తేదీన షిజువోకా మండలమునందలి కోమ్యో యను పల్లెలో జన్మించెను. తండ్రి గిహెయి కమ్మరి. కొలిమి పనితోపాటు సైకిళ్లు బాగుచేయుటయు నేర్చెను. తల్లి మికా మగ్గము నేయుటలో నేర్పరి. సిరిసిల్ల వైపు చదువరులకు అట్టి యింటి బీదతనమును, అందలి పనితనమును వేరుగ వర్ణింపనక్కరలేదు.

పిల్లవాడు బడిలో చురుకైనవాడు కాడు. మార్కుల కాగితముపై తండ్రి ముద్ర వేయించుకొని రావలెనను నియమ ముండగా, హోండా సైకిలు పెడలు రబ్బరును చెక్కి ఆ ముద్రను తానే తయారుచేసెను. ఇది తెలిసి తోటి బాలురు తమకును చేసిపెట్టుమని వేడిరి. హోండా యను పేరును జపాను లిపిలో వ్రాసినచో కుడి యెడమలు సరిసమానముగ నుండును గనుక ఆతని ముద్రలోని లోపము బయటపడలేదు. ఇతరుల పేర్లు మాత్రము అద్దములో చూచినట్లు తలక్రిందుగ పడి, గుట్టు బయటపడెను. ఈ కథను మన పాఠశాల పత్రికలో వ్రాయుట ఉచితమా యని కొంత సంశయించితిని; కాని పనితనమును అల్లరియు నొకే చేతిలో నుండుట ఆతని జీవితమంతటను గానవచ్చును గనుక విడువజాలనైతిని.

ఆ పల్లెకు మొట్టమొదట నొక ఫోర్డు కారు వచ్చినపుడు బాలుడైన హోండా దానివెంట పరుగెత్తెను. అది ఆగినచోట నేలపై కారిన నూనెను చేతులకు పూసికొని వాసన చూచెనట. 1917లో ఆర్టు స్మిత్తు అను అమెరికా వైమానికుడు హమమత్సు పట్టణమున విమాన విన్యాసములు చూపుచున్నాడని విని, తండ్రికి చెప్పకయే ఆయన సైకిలు తీసికొని పోయెను. సీటుపై కూర్చున్నచో కాళ్లందవు. మన పల్లెల పిల్లలవలెనే త్రికోణపు సందులో కాలు దూర్చి తొక్కుచు ఆమడకు పైగా దూరము పోయెను. లోనికి పోవుటకు చేతనున్న పైకము చాలకపోగా చెట్టెక్కి చూచెను.

1922లో హోండా టోకియో నగరమునకు పోయి ఆర్ట్ షోకాయ్ అను మోటారు మరమ్మతుల దుకాణములో పనికి కుదిరెను. కొన్ని నెలలపాటు ఆతనికి దొరకిన పని యజమాని బిడ్డ నెత్తుకొని యాడించుటయే. మరుసటి యేడు సెప్టెంబరు 1వ తేదీన మహా భూకంపము వచ్చి, నిప్పంటుకొని నగరము తగులబడెను. మరమ్మతునకు వచ్చిన కార్లను మంటలనుండి తప్పింపవలసివచ్చినపుడు ఈ కుఱ్ఱవాడు జీవితమున మొదటిసారి చక్రము పట్టి కారు నడిపెను. తరువాత పనివారు పెక్కుమంది ఊళ్లకు పోయిరి. హోండా నిలిచెను. కాలిపోయిన బండ్లను తిరిగి నడచునట్లు చేయుటలో ఆతనికి పని పట్టువడెను.

యజమాని యూజో సకకిబారాకు పందెపు బండ్లపై మక్కువ. కర్టిస్ విమానపు పాత ఇంజనును మిచెల్ అను అమెరికా కారు చట్రమున కెక్కించి ఆయన యొక పందెపు బండిని తయారుచేయించెను. 1924 నవంబరు 23వ తేదీన జరిగిన పందెమున యజమాని తమ్ముడు షినిచి బండి నడపగా, ప్రక్కసీటున మెకానిక్కుగ హోండా కూర్చుండెను. ఆ కాలపు పందెములలో నిద్దరు కూర్చుండుట వాడుక. ఒకడు త్రోవ చూచును. రెండవవాడు ఇంజను పోకడను కనిపెట్టియుండి, నూనె తగ్గినను వేడి హెచ్చినను హెచ్చరించును. ఆనాడు వీరి బండియే గెలిచెను. హోండాకు పందెముల రుచి తగులుట అప్పుడే.

1928లో యజమాని యనుమతితో హోండా హమమత్సులో శాఖ తెరచెను. చక్రములకు కొయ్య ఆకులకు బదులు పోత యినుప ఆకులు చేసి ధన మార్జించెను. ఆ ధనమును, రాత్రివేళలను పందెపు బండ్లకు ధారపోసెను. ఫోర్డు ఇంజనుకు గాలిని బలముగా నెక్కించు యంత్రమమర్చి తన బండికి హమమత్సు అని పేరిడెను.

1936 జూన్ 7వ తేదీన తమా నది యొడ్డున క్రొత్తగ కట్టిన తమగావా పందెపు బాటలో మొదటి పందెము జరిగెను. మోటారు పందెములకై జపానులో శాశ్వతముగ కట్టిన మొదటి బాట యదియే. చుట్టు 1200 మీటర్లు. హోండా చక్రము పట్టెను. ప్రక్కసీటున తమ్ముడు బెంజిరో కూర్చుండెను. బండి మిక్కిలి వేగముగ పోవుచుండగా, మరమ్మతుల స్థలమునుండి వేరొక బండి బాటమీదికి వచ్చెను. తప్పించుటకు వీలు లేకపోయెను. హోండా బండి దానిని తాకి పల్టీలు కొట్టెను. అన్నదమ్ము లిద్దరును బయటికి విసరివేయబడిరి. అన్న గాయములతో బ్రతికి బయటపడెను. తమ్ముని వెన్నెముక విరిగెను.

పందెగాడుగ హోండా బ్రదుకు ఇంతటితో ముగిసిన దనవచ్చును. అంతకు ముందటి యేడే ఆతనికి వివాహమైయుండెను. పందెపు సీటు విడిచెను గాని పందెమును విడువలేదు. ఇకమీదట సీటులో ఇతరులు కూర్చుండిరి. ఆతడు బండ్లను చేసి యిచ్చెను. ఈ మార్పులోనే ఆతని చరిత్రమునందలి చిక్కు దాగియున్నదని నాకు తోచుచున్నది.

తరువాతి పదియేండ్లను క్లుప్తముగ చెప్పెదను. పిస్టను రింగుల కర్మాగారము పెట్టెను. లోహముల గుణము తెలియక నష్టపడి, పెండ్లియైన పిమ్మట పారిశ్రామిక పాఠశాలలో చేరి చదివెను. పరీక్షలు మాత్రము వ్రాయలేదు. 1945 జనవరి భూకంపములో కర్మాగారము కూలెను. మిగిలినదానిని టొయోటా వారికి విక్రయించెను. యుద్ధానంతరము సైన్యమువారు వైర్‌లెస్ యంత్రములకు వాడి విడిచిన చిన్న ఇంజనులను కొని, సైకిళ్లకు తగిలించి యమ్మసాగెను. 1948 సెప్టెంబరులో హోండా మోటారు కంపెనీ వెలసెను. మరుసటి యేడు టకేవో ఫుజిసావా యను వ్యాపార దక్షుడు వచ్చి చేరెను. ఇంజనులు హోండావి, లెక్కలు ఫుజిసావావి. ఆయనయే లేకున్నచో ఈ కంపెనీ పదియేండ్లైనను నిలిచియుండునా యని నా సందేహము.

1954లో కంపెనీ అప్పులతో తల్లడిల్లుచుండెను. ఆ యేడే మార్చి నెలలో హోండా, తాము మాన్ ద్వీపమున జరుగు టూరిస్టు ట్రోఫీ పందెమున పాల్గొందుమని ప్రకటించెను. ఇంగ్లండు, ఐర్లండుల నడుమనున్న ఆ ద్వీపమున, కొండత్రోవలలో, గోడల నడుమ మోటారు సైకిళ్ల పందెములు 1907 నుండి జరుగుచున్నవి. పెక్కుమంది పందెగాండ్రను బలిగొనిన త్రోవ యది. జూన్ నెలలో హోండా అచ్చటికి పోయి చూడగా, జర్మను బండ్ల ఇంజనులు తన ఇంజనులకు దాదాపు మూడింతల బలము గలవై యుండెను. తిరిగివచ్చునపుడు ఐరోపా ఖండపు కార్బ్యురేటర్లు, గొలుసులు, టైర్లు కొని వెంట తెచ్చి పని కుపక్రమించెను.

అయిదేండ్లు గడచెను. 1959లో మొదటిసారి పాల్గొనిన హోండా పందెగాండ్రలో నవోమి తనిగుచి 125 సీసీ తరగతియందు ఆరవ స్థానము పొందెను. 1961లో పశ్చిమ జర్మనీ యందు కునిమిత్సు తకహాషి 250 సీసీ పందెమున గెలిచి, ప్రపంచ ఛాంపియను పోటీలలో నెగ్గిన మొదటి జపానువాడయ్యెను. ఆ యేడే మాన్ ద్వీపమున 125, 250 సీసీ తరగతులు రెంటను మొదటి యైదు స్థానములును హోండా బండ్లకే దక్కెను. అయితే విజయమునకు వెల యుండెను. 1961 ప్రపంచ ఛాంపియనులలో నొకడగు టామ్ ఫిల్లిస్ మరుసటి యేడు ఆ ద్వీపముననే హోండా బండిపై పందెమాడుచు మరణించెను. తకహాషియు అచ్చటనే పడి ప్రాణాపాయ స్థితికి వచ్చి, కోలుకొని, ఆ పిమ్మట కార్ల పందెములలోనికి పోయి చిరకాలము రాణించెను.

కార్లలో ఫార్ములా వన్ అను ఉన్నతమైన పందెములలోనికి హోండా 1964లో ప్రవేశించెను. 1965 అక్టోబరు 24న మెక్సికోలో రిచీ గింథర్ మొదటి చుట్టునుండి చివరివరకు ముందుండి గెలిచెను. 1967లో మోన్జా యందు జాన్ సర్టీసు గెలిచెను. ఆ మరుసటి యేటనే అపశ్రుతి వినవచ్చెను.

ఇంజనులో పెట్రోలు మండుటచే పుట్టు వేడిని ఎట్లో తొలగింపవలెను. మోటారు సైకిలు ఇంజను చుట్టు పలుచని రెక్కలుండుట చదువరులు చూచియేయుందురు. వానికి గాలి తగిలి ఇంజను చల్లబడును. పెద్ద కార్లలో నీటిని త్రిప్పి చల్లార్చుట వాడుక. ఆ నీటిని తిరిగి చల్లార్చునది గాలియే గనుక, నడుమ నీ రెందుకని హోండా వాదము. వినుటకు సొంపుగానే యున్నది. కాని ఇంజను పెద్దదైనకొలది, గాలి అన్ని మూలలకు సమముగ తగులుట కష్టము. ఇంజనీర్లు ఎంత చెప్పినను ఆతడు వినలేదు. గాలితో చల్లబడు ఇంజనుతో, తేలికకై మెగ్నీషియము విరివిగ వాడి, ఆర్ఏ 302 అను కారును చేయించెను. సర్టీసు దానిని పరీక్షించి, అపాయకర మని నడుపుటకు నిరాకరించెను.

1968 జూలై 7వ తేదీన ఫ్రాన్సు దేశమున రువాన్ పందెములో దానిని జో ష్లెసర్ అను ఆ దేశపువాడు నడిపెను. వయస్సు నలుబది యేండ్లు. ఫార్ములా వన్ కారుతో ఆయన యాడిన మొదటి పందెము. వాన కురియుచుండెను. మూడవ చుట్టులో కారు అదుపు తప్పి గట్టును తాకి మండెను. పెట్రోలుతోపాటు మెగ్నీషియమును అంటుకొనుటచే ఆ మంటల నార్పుట సాధ్యము కాలేదు. ష్లెసర్ అందే మరణించెను. అదే పందెమున నీటితో చల్లబడు హోండా కారును నడిపిన సర్టీసు రెండవవాడుగ వచ్చెను. ఆ యేటి పందెములు ముగియగనే కంపెనీ ఫార్ములా వన్ నుండి తప్పుకొనెను.

తమగావాలో బండి పల్టీకొట్టినపుడు అందులో తానును ఉండెను. తప్పునకు తన దేహమును ఒడ్డెను. రువాన్‌లో మంకుపట్టు ఆతనిది, ప్రాణము వేరొకనిది. హోండాను పొగడుచు వ్రాసిన కథలు పెక్కు ఈ దినమును వేగముగ దాటిపోవును. అది న్యాయము కాదని నా యభిప్రాయము.

ఇంతయైనను ఆతని పట్టు వెంటనే సడలలేదు. 1969లో గాలితో చల్లబడు ఇంజనుతోనే హోండా 1300 అను కారు వెలువడి, ఆశించినట్లు అమ్ముడుపోలేదు. పడుచు ఇంజనీర్లు ఫుజిసావాను ఆశ్రయించిరి. ఆయన హోండాను కలిసికొని, ఇకమీదట అధ్యక్షుడుగ నుండదలచితివా, ఇంజనీరుగ నుండదలచితివా యని యడిగెను. కొంతసేపటికి హోండా అధ్యక్షుడుగనే యుందునని యొప్పుకొని, నీటి ఇంజనులకు అనుమతి నిచ్చెను. కొలిమి దగ్గర పుట్టి, ఇంజనే తన ప్రాణమనుకొనిన మనుష్యునికి ఆ మాట పలుకుట మాన్ ద్వీపపు గెలుపులకంటె కష్టమైయుండును. నీటితో చల్లబడు ఇంజనుతోనే 1972లో సివిక్ కారు వెలువడెను. పొగలోని విషమును తగ్గించు వారి క్రొత్త ఇంజను, అమెరికా దేశపు కఠిన నియమములకు మొట్టమొదట సరిపోయి పేరుగాంచెను. దీనితో అమెరికా కంపెనీల నోడింతుమని హోండా సంతోషింపగా, తాము పనిచేయునది ప్రజల మేలుకొరకే గాని పోటీకొరకు కాదని పడుచువారు బదులు చెప్పిరట. తన కాలము తీరినదని ఆతనికి తోచెను. 1973లో హోండాయు ఫుజిసావాయు ఒకేసారి పదవులు విడిచిరి. పిమ్మట హోండా దేశమంతట తిరిగి కర్మాగారములలో, దుకాణములలో పనివారి చేతులు పట్టుకొని కృతజ్ఞత తెలిపెను. నూనె మరకల చేతిని వెనుకకు తీసికొనబోయిన పనివానిని ఆపి, ఆ చేతినే పట్టుకొనెనని చెప్పుదురు.

కంపెనీ 1983లో తిరిగి ఫార్ములా వన్ లోనికి వచ్చెను. 1988లో వారి ఇంజనులు గల మెక్‌లారెన్ కార్లు పదునారు పందెములలో పదునైదింట గెలిచెను. ఆ ఇంజనులు నీటితో చల్లబడునవియే.

సోయిచిరో హోండా 1991 ఆగస్టు 5వ తేదీన పరమపదించెను. కార్లు చేసి బ్రతికిన తన యంత్యక్రియలవలన త్రోవలలో కార్లు నిలిచిపోరాదని, కంపెనీ తరపున ఊరేగింపులు, ఉత్సవములు వలదని ముందుగనే చెప్పియుండెను. ఆరు దినముల పిమ్మట హంగరీ దేశమున జరిగిన పందెమున అయిర్టన్ సెన్నా భుజమునకు నల్లని పట్టీ కట్టుకొని హోండా ఇంజను కారును నడిపి గెలిచెను.