నరాల్లో విద్యుత్తును గుర్తించిన గాల్వానీ

లుయీజీ గాల్వానీ 1737లో ఇటలీలోని బొలోన్యాలో పుట్టారు. అక్కడే శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. చచ్చిన కప్ప నరానికీ కండరానికీ లోహాలు తగిలిస్తే కాలు ఎగిరిపడింది. జీవుల ఒంట్లోనే విద్యుత్తు ఉందని ఆయన 1791లో ప్రకటించారు. అది లోహాల వల్ల పుట్టిందేనని వోల్టా కాదన్నారు. లోహం లేకుండా, నరాన్నే కండరానికి తాకించి గాల్వానీ కాలు కదిలించారు. ఇద్దరి మాటలోనూ నిజముందని తర్వాత తేలింది.

ప్రయోగాల్లో తోడుగా నిలిచిన భార్య లూచియా ఆయన కంటే ముందే కన్నుమూశారు. నెపోలియన్ నెలకొల్పిన ప్రభుత్వానికి విధేయత ప్రమాణం చేయనన్నందుకు గాల్వానీ ఉద్యోగం పోయింది. 1798 డిసెంబరు 4న, పుట్టిన ఊళ్లోనే మరణించారు.

వెన్నుపాముకు కొద్దిపాటి విద్యుత్తు అందించి తీరని నొప్పిని తగ్గించే చికిత్స 1967లో అమెరికాలో మొదలైంది. దాని పునాది బొలోన్యాలో, ఆ కప్ప కాలి దగ్గరే పడింది.